కళ్ళకు లోకమంతా, నోటికి తాళం

నెత్తికి ఒక పెట్టె తగిలించుకుంటే చాలు, కూచున్న చోటనే లోకమంతా చూడవచ్చట. ఇది యోగులు చెప్పిన మాట కాదు, కంపెనీలు చెబుతున్న మాట. ఆ పెట్టెను వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అంటున్నారు. దాని తరఫున పదేళ్ళుగా ఒక వాదన వినిపిస్తోంది. సినిమా ఒక కిటికీ లాంటిది, మనం ఇవతల నిలబడి చూస్తాం. ఈ పెట్టె పెట్టుకుంటే కిటికీ దాటి అవతలికి వెళ్తాం. వెళ్ళాక అక్కడివాడి కష్టం మన కష్టమవుతుంది. 2015లో క్రిస్ మిల్క్ అనే అమెరికన్ దర్శకుడు ఒక ప్రసంగంలో దీన్ని సహానుభూతి యంత్రంగా కీర్తించాడు. ఆనాటి నుంచి ఆ బిరుదు పెట్టెను అంటిపెట్టుకునే ఉంది.

నా అభ్యంతరం ఆ బిరుదు మీద, యంత్రం మీద కాదు. యంత్రం ఏ పాపమూ ఎరగదు. దానిలో పోసే సరుకు, పోసేవాడి బుద్ధి, ఈ రెంటినీ విచారించాలి.

మనకెందుకీ గొడవ అని కొందరు మిత్రులు అడగవచ్చు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్నవాళ్ళం, ఖరీదైన కళ్ళజోళ్ళతో మనకేం పని? పని ఉంది. ఎవరి భాషకు ఇంటి గడప బయట దిక్కు లేదో, వాళ్ళను గురించి పైవాళ్ళు తీసే బొమ్మలో మొట్టమొదట రాలిపోయేది ఆ భాషే. అందుకని ఈ కొత్త కళ సాక్షుల నోటిని ఏం చేస్తున్నదో అందరికన్నా ముందు మనమే చూసుకోవాలి.

ముందు సరుకు సంగతి. ఈ పెట్టెలో రెండు రకాలు నడుస్తాయి. ఒకటి, నలుదిక్కులా ఒకేసారి చూసే కెమెరా తీసిన సినిమా. కెమెరా చుట్టూ ఉన్న కటకాలు తీసిన ముక్కలన్నిటినీ అతికి ఒక గోళంలా చేస్తారు. చూసేవాడు ఆ గోళం నడుమ కూచుంటాడు. తల ఎటు తిప్పితే అటు దృశ్యం. కాని ఒక అడుగు ముందుకు వేస్తే ఏదీ దగ్గరకు రాదు. ఆనాడు కెమెరా ఆ అడుగు వేయలేదు గనక. రెండోది, కంప్యూటరు కట్టిన లోకం. అందులో నడవవచ్చు, వంగవచ్చు, చెంబు ఎత్తవచ్చు, తలుపు తీయవచ్చు. మనం చేసిన పనిని బట్టి కథ కదులుతుంది. ఇంటరాక్టివ్ అని పేరు పెట్టినది దీనికే. మొదటిది జరిగినది. రెండోది జరిపించుకునేది.

ఈ రెంటినీ ఒక్కటి చేయాలని ఇప్పుడు కళాకారులు తహతహలాడుతున్నారు. నిజమైన ఊరిని, నిజమైన మనిషిని కెమెరా తెచ్చిపెడుతుంది. అందులో తిరిగే వీలు కంప్యూటరు ఇస్తుంది. లేజరుతో చెట్టునూ గోడనూ కొలిచి అంగుళం అంగుళం దించుకుంటున్నారు. మనిషి చుట్టూ పదుల కెమెరాలు పెట్టి, ఆ రూపాన్ని ఏ పక్క నుంచైనా చూసేలా చేస్తున్నారు. తహతహ సహజమే. దాన్ని నేను తప్పుపట్టను. అయితే జరిగినదానికీ జరిపించుకునేదానికీ మధ్య ఒక గీత ఉంది. సాక్ష్యం ఒకటి, ఆట ఒకటి. సాక్షి చెప్పిన మాటను న్యాయమూర్తి బటను నొక్కి మార్చుకోలేడు. ఆటలో ఓడితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఈ గీత తెలియకుండా రెంటినీ కలిపితే ఏమవుతుందో లోకం ఒకసారి కళ్ళారా చూసింది.

2017 సెప్టెంబరులో మరియా అనే తుఫాను పోర్టోరికో ద్వీపాన్ని కూల్చివేసింది. తర్వాతి నెలలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ తమ వర్చువల్ రియాలిటీ సరుకును చూపించదలచుకుని, నీళ్ళలో మునిగిన ఆ వీధులను ఎంచుకున్నాడు. వెనక 360 డిగ్రీలలో తీసిన నిజమైన వరద దృశ్యం. ముందు ఆయన, ఆయన సహోద్యోగి, ఇద్దరూ నవ్వు ముఖాల కార్టూను బొమ్మల రూపంలో. మునిగిన ఇళ్ళ ముందు ఆ బొమ్మలు అరచేతులు చరుచుకున్నాయి. జనం ఛీకొట్టారు, ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. అంతటితో ఆ కథ ముగిసిందని చాలామంది అనుకున్నారు. నాకు అది ముగిసినట్టు కనిపించదు. ఆ రోజు జరిగింది ఒక మనిషి పొరపాటు మాత్రమే కాదు. నిజం వెనక గోడగానూ మనం ముందు కథానాయకులంగానూ నిలబడే పద్ధతి అది. ఆ వీధిలో బతికినవాళ్ళు ఆ దృశ్యంలో ఎక్కడా నోరు విప్పలేదు. విప్పడానికి వాళ్ళకు అందులో చోటే లేదు.

సరే, అది వ్యాపారి చేసిన పని, కళాకారులను దానితో తూచవద్దు అంటారా? తూచను. అందరూ మెచ్చుకున్న ఒక చిత్రాన్నే తీసుకుందాం. జోర్డాన్‌లోని జాతారి శరణార్థి శిబిరంలో ఉన్న సిద్రా అనే 12 ఏళ్ళ సిరియా బాలిక మీద క్రిస్ మిల్క్, గాబో అరోరా కలిసి 2015లో ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’ తీశారు. ఎనిమిదిన్నర నిమిషాల చిత్రం. ఐక్యరాజ్యసమితి కోసం చేసినది. దావోస్ సభలకు వచ్చిన పెద్దలకు చూపించారు, విరాళాల సేకరణకూ వాడారు. దాని సదుద్దేశం మీద నాకు సందేహం లేదు. ఆ పిల్లతో పాటు బడిలో కూచుంటాం, శిబిరం వీధుల్లో తిరుగుతాం. కాని ఆ పిల్ల కథ మన చెవిన పడేది ఇంగ్లీషులో! అరబ్బీ పలికే పిల్ల నోటి మీద వేరొక గొంతు కూచుంది. ముఖం ఆమెది, రేకుల గుడిసె ఆమెది, దుమ్ము ఆమెది. మాట మాత్రం మరొకరిది. ఒక మనిషిని నఖశిఖపర్యంతం చూపించి, నోటిని మాత్రం పక్కవాడికి అద్దెకిస్తే అది సహానుభూతి ఎలా అవుతుంది? ఆమె చోట మనం కూచున్నామని సంబరపడుతున్నాం. ఆమె చోట మనం కూచుంటే మరి ఆమె ఎక్కడ కూచోవాలి?

దీనికి సాంకేతికమైన కారణం ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చెప్పాలి. మామూలు సినిమాకు తెర ఉంటుంది, తెరకు అడుగు ఉంటుంది, అడుగున అక్షరాలు వేస్తాం. గోళానికి అడుగు ఎక్కడ? అక్షరాలను ఒక దిక్కున అతికిస్తే తల అటు తిప్పినవాడికి కనిపించవు. తలతో పాటు తిరిగేలా కడితే ముక్కు మీద పలక వేలాడినట్టు ఉంటుంది. మూడు దిక్కులా మూడుసార్లు వేసేవాళ్ళూ ఉన్నారు. ఏది చేసినా కొంత ఇబ్బందే. ఆ ఇబ్బందికి సులువైన మందు, సాక్షి గొంతు తగ్గించి పైన ఇంగ్లీషు గొంతు పెట్టడం. ఇంత కష్టపడి గాలినీ వెలుగునూ పట్టినవాళ్ళకు, లేజరుతో ఆకు ఆకునూ కొలిచినవాళ్ళకు, ఒక ముసలమ్మ మాటను ఆమె భాషలోనే వినిపించే ఉపాయం దొరకదా? దొరుకుతుంది. కావాలనుకుంటే దొరుకుతుంది.

దొరికిన చోట్లు చూపిస్తాను. బర్మింగ్‌హామ్‌లో పాఠాలు చెప్పిన జాన్ హల్ అనే ఆచార్యుడికి 1983 ప్రాంతంలో చూపు పూర్తిగా పోయింది. ఆయన తన చీకటి లోకాన్ని గురించి క్యాసెట్ల మీద డైరీ చెప్పుకుంటూ వచ్చాడు. ఆ క్యాసెట్ల ఆధారంగా 2016లో ‘నోట్స్ ఆన్ బ్లైండ్‌నెస్’ అనే సినిమా వచ్చింది. దానికి తోడుగా ఒక వర్చువల్ రియాలిటీ రచన కూడా వచ్చింది. అందులో మన చుట్టూ చీకటి. ఎక్కడ చప్పుడైతే అక్కడ సన్నని వెలుగు రేఖలు లేస్తాయి. మనకు దారి చూపేది ఆయన సొంత గొంతు, ఆ పాత క్యాసెట్ల గొంతు. కంప్యూటరు కట్టిన లోకమంతా ఆ గొంతుకు లోబడి నడుచుకుంటుంది.

కెనడాలో లీసా జాక్సన్ అనే ఆదివాసీ దర్శకురాలు అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డుతో కలిసి 2018లో ‘బీదాబాన్: ఫస్ట్ లైట్’ చేసింది. రాబోయే కాలపు టొరంటో నగరాన్ని చెట్టూ చేమా నీరూ తిరిగి ఆక్రమించుకున్నాయి. ఆ లోకంలో మనకు వినిపించేవి, కళ్ళ ముందు అక్షరాలై కదిలేవి వెండాట్, మోహాక్, ఓజిబ్వే భాషలు. ఇంగ్లీషు వాళ్ళు రాకముందు ఆ నేల మీద మసలిన మాటలు. ఆ భాషలను మ్యూజియంలో కాక భవిష్యత్తులో నిలబెట్టింది ఆవిడ. తక్కువమంది మాట్లాడే భాష అంటే పాతబడిన భాష అని మన ఊళ్ళలో కూడా చాలామంది అనుకుంటారు. ఇది వాళ్ళకు జవాబు.

మూడోది నాకు మరీ దగ్గరగా తోచేది. రాండల్ ఒకిటా అనే కెనడా కళాకారుడు 2020లో ‘ది బుక్ ఆఫ్ డిస్టెన్స్’ చేశాడు. అతని తాత 1935లో హిరోషిమా ప్రాంతం నుంచి బయలుదేరి కెనడా చేరి, నేల బాగుచేసుకుని సేద్యం చేశాడు. 1942లో జపాను మూలాలవాళ్ళందరినీ అక్కడి ప్రభుత్వం శత్రువులుగా ఎంచి నిర్బంధించింది, భూములూ ఇళ్ళూ లాగేసుకుంది. ఈ కథలో చూసేవాడి చేతికి పని ఉంది. పొలం పనిలో మనమూ ఒక చెయ్యి వేస్తాం. కుటుంబం దాచుకున్న అసలు ఫోటోలూ కాగితాలూ మన ముందుకు వస్తాయి. కాని ఆపద వచ్చినప్పుడు మన చేతులకు ఏ అధికారమూ లేదు. ఇల్లు పోకుండా ఆపే బటను అందులో లేదు. మనం చేయి వేసి నిలబెట్టినది మన కళ్ళ ముందే పోతుంది. ఇంటరాక్టివ్ అనే మాటకు నేను ఒప్పుకునే అర్థం ఇదే. చెయ్యి కలపవచ్చు, ఫలితం మార్చకూడదు. పోగొట్టుకున్నవాడి బాధ మార్చలేకపోవడంలోనే ఉంది. అది మనకు మార్చే వీలు ఇస్తే, వాడి బాధను వాడి దగ్గరే వదిలేసి మనం ఆడుకుని వచ్చినట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చూసేవాడికి స్వేచ్ఛ లేకపోతే ఇంటరాక్టివ్ ఎందుకు, సినిమానే తీయవచ్చు కదా అని. స్వేచ్ఛ ఉండాలి. ఎక్కడ నిలబడాలో, ఎవరి దగ్గర ఎక్కువ సేపు కూచోవాలో, ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏ పెట్టె తెరిచి ఏ ఉత్తరం చూడాలో చూసేవాడు ఎంచుకోవచ్చు. పెద్దవాళ్ళ దగ్గర కథ వినేటప్పుడు మనకున్న స్వేచ్ఛ అదే. “ఆ తర్వాత ఏమైంది అవ్వా?” అని అడుగుతాం. “ఆ తర్వాత అలా కాకుండా ఇలా అయిందని చెప్పు” అని అడగం.

కథ వినడం అంటే గుర్తొచ్చింది. మన వలసల మీద వచ్చిన గొప్ప నవల ఏది అంటే నేను కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ పేరు చెబుతాను. 1976లో వచ్చింది. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన ఆయన 2021లో కన్నుమూశాడు. తెలుగు నేల విడిచి పారిపోయి, ఏరు దాటి, కరిసల్ భూమిలో అడవి నరికి ఊరు కట్టుకున్న జనం కథ అది. ఆ పారిపోవడాన్ని మనకు చెప్పేది ఒక ముదివగ్గు. రేపు ఎవరో దీన్ని పెట్టెలోకి ఎక్కించారనుకోండి. ఏటి ఒడ్డున మనల్ని నిలబెట్టి, “దాటాలా? ఆగాలా? ఒకటి నొక్కండి” అంటారు. ఆగితే ఒక ముగింపు, దాటితే ఒక ముగింపు. పిల్లలు కేరింతలు కొడతారు. కాని ఆ ఒడ్డున నిలబడ్డవాళ్ళకు రెండు బటన్లు లేవు. వెనక కత్తి, ముందు నీళ్ళు. అందుకే వాళ్ళు దాటారు, అందుకే మనం ఇక్కడ ఉన్నాం. ఆ ఆటలో ముందుగా మునిగిపోయేది ఆ ముసలామె గొంతే.

మరొకటి అనుకుందాం. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులవి. తమిళులూ తెలుగువాళ్ళూ కన్నడిగులూ కలిసి అందులో ఊపిరితిత్తులు ధారపోశారు. ఆ ఊరి పేరు పెట్టుకుని 2018లోనూ 2022లోనూ వచ్చిన సినిమాలు కోట్లు గడించాయి. వాటిలో వీరుడున్నాడు, బంగారముంది. రాతిదుమ్ము మింగి దగ్గుతూ పోయిన కూలీ మాటలు మాత్రం వెతుక్కోవాలి. రేపు అక్కడికి నలుదిక్కుల కెమెరా వస్తుంది, రాక మానదు. గనిలోకి దింపుతుంది, చీకటి చూపిస్తుంది, చేతికి సుత్తి ఇచ్చి “బంగారం తవ్వండి” అంటుంది. అప్పుడు ఆ కాలనీలో మిగిలిన ముసలివాడు తన తెలుగులో, తన తమిళం కలిసిన తెలుగులో, ఏం చెప్పాడో వినిపించే చోటు అందులో ఉంటుందా? ఆ చోటు కోసం ఇప్పుడే నిలదీయకపోతే తర్వాత ఏడ్చి లాభం లేదు.

తెలుగు రాష్ట్రాలవాళ్ళు ఈ విషయంలో మనకు దారి చూపిస్తారని ఎదురుచూడటం దండగ. తెలుగు సినిమా ఈ యంత్రాన్ని పట్టుకుని చేసిన పనుల్లో పేరున్నది, 2017లో బాహుబలి సంబరంలో ఎ.ఎం.డి. సంస్థతో కలిసి చేసిన ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’. మాహిష్మతిలో కత్తి పట్టుకోవడం సరదాగానే ఉంటుంది, కాదనను. కాని లేని రాజ్యానికి దొరికిన పెట్టెలో ఉన్న ఊళ్ళకు చోటు దొరకలేదు.

విడిపోయిన ఊళ్ళ కోసం ఈ యంత్రాన్ని వాడినవాళ్ళు మన ఉపఖండంలోనే ఉన్నారు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న యువకులు ప్రాజెక్ట్ దాస్తాన్ మొదలుపెట్టారు. 1947 విభజనలో ఊరు విడిచినవాళ్ళను కలిసి, వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళ ప్రకారం సరిహద్దు అవతల ఆ వీధులను వెతికి, 360 డిగ్రీలలో చిత్రించి తెచ్చి ఆ వృద్ధులకే చూపించారు. తర్వాత 2022లో ‘చైల్డ్ ఆఫ్ ఎంపైర్’ అనే ఇంటరాక్టివ్ రచన బయటి ప్రేక్షకుల కోసం చేశారు. ఈ వరుసను గమనించండి. ముందు పెట్టె పెట్టుకున్నది దావోస్ పెద్దమనిషి కాదు, ఊరు పోగొట్టుకున్న మనిషి. నిజమైన దృశ్యం మొదట దాని హక్కుదారుకు చేరింది. కల్పనతో కలిసిన కథ ఆ తర్వాత వచ్చింది. నేను కోరేది ఈ వరుసనే.

మన సంగతిలో ఇంకో మెలిక ఉంది. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం తర్వాత తెలుగు బడులు ఎంత చిక్కిపోయాయో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. తక్కిన చోట్ల కూడా తెలుగు విని అర్థం చేసుకునే పిల్లలున్నారు, మాట్లాడే పిల్లలున్నారు, చదవగలిగేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసాన్ని మా ఇంట్లో పిల్లలకు నేనే చదివి వినిపించాలి. అలాంటి పిల్లల దగ్గరకు అక్షరం వెళ్ళలేని చోటికి గొంతు వెళ్తుంది. అవ్వ పక్కన కూచున్నట్టుగా, ఆమె పెరటి చెట్టు కింద కూచున్నట్టుగా, ఆమె మాట ఆమె యాసలోనే విన్న పిల్లవాడు ఒక్క మాటైనా తిరిగి పలుకుతాడు. అందుకే నేను ఈ యంత్రానికి శత్రువును కాను. మనకు అక్కరకొచ్చే యంత్రాన్ని మన నోరు మూయడానికి వాడవద్దంటున్నాను. ఖర్చు మాటా అంతే. నలుదిక్కులా చూసే చిన్న కెమెరా ఇవాళ మంచి ఫోను ధరకే దొరుకుతోంది. మన సంఘాల వార్షికోత్సవాలలో శాలువలకూ పూలదండలకూ పోసే డబ్బులో ఒక పాలు చాలు.

అయితే కొన్ని షరతులు పెట్టుకోవాలి. మాట్లాడిన మనిషి గొంతు, ఆ మనిషి భాషలోనే, మొదటి వరుసలో ఉండాలి. అనువాదం ఎంతైనా పెట్టుకోండి, కాని గొంతు మీద గొంతు పెట్టవద్దు. చూసేవాడికి తిరిగే స్వేచ్ఛ ఇవ్వండి, జరిగినదాన్ని మార్చే స్వేచ్ఛ ఇవ్వవద్దు. కెమెరా చూసినది ఏదో, కంప్యూటరు కట్టినది ఏదో చూసేవాడికి తెలిసేలా ఉండాలి. పూర్తయ్యాక మొదట చూసి అవునో కాదో చెప్పాల్సింది ఆ ఊరివాళ్ళే. చివరిది, అసలు రికార్డింగు ఊరి దగ్గర ఉండాలి, శబ్దం విడిగా, ఏ యంత్రంలోనైనా వినిపించే మామూలు ఫైలుగా ఉండాలి. ఈ కంపెనీల ఆయుష్షు చూస్తున్నాం కదా. గూగుల్ తన డేడ్రీమ్ కళ్ళజోడును 2019లో ఆపేసింది, అట్టపెట్టె కళ్ళజోడు అమ్మకం 2021లో ఆపేసింది. వాటికోసమే చేసిన కథలు వాటితోనే మూలపడతాయి. జాన్ హల్ క్యాసెట్లు మాత్రం ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా పలికాయి.

మనల్ని చూడటానికి వచ్చేవాళ్ళు ఇకముందు ఎక్కువే అవుతారు. పాత ఊళ్ళు, మగ్గాలు, మూతపడ్డ గనులు, ఏటి ఒడ్డు పల్లెలు నాలుగు దిక్కులా చూపడానికి చక్కని సరుకు. రానివ్వండి, మజ్జిగ ఇవ్వండి, కూచోబెట్టండి. కెమెరా తీసేముందు ఒక్క ప్రశ్న అడగండి: మీ బొమ్మలో మా అవ్వ ఏ భాషలో మాట్లాడుతుంది? ఆ ప్రశ్నకు తడుముకున్నవాడికి, అతని దగ్గర ఎన్ని కటకాల కెమెరా ఉన్నా, గడప లోపలికి దారి ఇవ్వవద్దు.